పుర్రచేతి కుట్టు

వ్యాను తిరిగొచ్చిన రోజు వీధిలో ఎవరూ దాన్ని చూడలేదు. చూడనట్టు నటించడానికి మాత్రం అందరూ పనులు మానుకున్నారు. ఎదురు కొట్టు టైర్లాయన బిగించిన బోల్టునే మళ్ళీ మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు. పక్కింటావిడ తీగ మీది పొడి బట్టలు తీసి, దులిపి, మళ్ళీ అదే తీగ మీద ఆరేసింది. ఇన్నేళ్ళూ కోర్టు ఆవరణలో ఎండకు ఎండి వానకు తడిసిన ఆ డొక్కు బండిని లారీకి గొలుసు కట్టి ఈడ్చుకొస్తుంటే, షెడ్డు తలుపులు బార్లా తీసి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది సీట్లక్క ఒక్కతే.

కార్లకూ వ్యాన్లకూ సీట్లు కుట్టే మనిషి కాబట్టి సీట్లక్క. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఎవరైనా బండి తెచ్చి నిలబెడితే అరిగిన సీటు వంక ఒక్క చూపు చూసి, నడిపేవాడు ఎటు ఒరుగుతాడో, తాళాలు ఏ జేబులో వేసుకుంటాడో చెప్పేసేది. అంత కన్నున్న మనిషికి కూడా ఒకచోట చూపు ఆనలేదు. ఈ కథంతా ఆ చోటు గురించే.

బండి ఆమె పేరు మీదే ఉంది. తమ్ముడి కోసం కొన్నది. తల్లీ తండ్రీ పోయాక వాణ్ణి చంకలో వేసుకుని, కుట్టుమిషను పక్కన స్పాంజి ముక్కల మీద పడుకోబెట్టి పెంచింది. వాడిది ఎడమచేతి వాటం. బళ్ళో పిల్లలు పుర్రచేతివాడని ఏడిపిస్తే వాళ్ళని కొట్టొచ్చేవాడు. కొట్టించుకున్న పిల్లల తల్లులు వాకిట్లోకి వస్తే ఈమె వాళ్ళని మాటలతో కొట్టి పంపేది. వాడికి కోపం ముక్కు మీదే ఉండేది, ఆ కోపాన్ని కూడా ఆమె ముద్దు చేసింది. అక్కడే చెడిందని ఇప్పుడు వీధంతా అంటుంది. అప్పుడు ఎవరూ అన్న పాపాన పోలేదు.

సీట్లు కుట్టడం నేర్పింది. చెయ్యి తిరిగింది గానీ కుదురు లేదు. ఒకచోట కూర్చుని చేసే పని తనవల్ల కాదన్నాడు. సరే, నీకు నచ్చిందే చెయ్యమని ఆ వ్యాను కొనిచ్చి, సీట్లన్నీ తన చేత్తో కుట్టిపెట్టింది. వాడు దాంట్లో ఊళ్ళ మీద సామాన్లు చేరవేసేవాడు.

ఒక వానాకాలం సాయంత్రం, పెద్ద రోడ్డు మీద టీ కొట్టు దగ్గర లిఫ్టు అడిగి ఓ కాలేజీ కుర్రాడు ఆ వ్యాను ఎక్కాడు. మర్నాడు రోడ్డు పక్క కాలువలో శవమై దొరికాడు. కడుపులో కత్తిపోటు. పేపర్లవాళ్ళు దానికి లిఫ్టు హత్య కేసు అని పేరు పెట్టారు. పేరంటూ పడ్డాక ఇక అడ్డేముంది, దేశమంతా జడ్జీలే. కుర్రాడు ఎక్కడం చూశానని టీ కొట్టాయన చెప్పాడు. కుర్రాడి బూటు ఒకటి వ్యానులో సీటు కింద దొరికింది. తమ్ముడు మాత్రం పోలీసులు పట్టుకున్న రోజు ఏం చెప్పాడో ఆఖరిదాకా అదే చెప్పాడు.

"మలుపు దగ్గర దింపేశాను. తర్వాత ఏమైందో నాకు తెలీదు."

సీట్లక్క నమ్మింది. నమ్మడమంటే అలా ఇలా కాదు. దిగేవాడు ఒక బూటు వదిలేసి దిగుతాడా అని అవతలి ప్లీడరు వెటకారం చేస్తే, నిద్రపోతూ విప్పుకున్నాడేమో, చీకట్లో దొరక్కపోతే పోనీలే అనుకున్నాడేమో అని కోర్టు వరండాలో అందరికీ వినబడేలా అరిచింది. చెప్పులరిగేలా తిరిగింది. తమ్ముడి మీద ఒక్క మాట అన్నవాళ్ళతో మాట్లాడడం మానేసింది. అలా మానేస్తూ పోతే చివరికి మాట్లాడడానికి టైర్లాయన ఒక్కడు మిగిలాడు, అదీ ఆయనకు చెవుడు కాబట్టి.

కేసులో చిక్కుముడి ఒకటుంది. వ్యానులో పక్క సీటుకి ఒక కోత, దాని మీద కుట్టు ఉన్నాయి. పెనుగులాటలో కత్తి తగిలి సీటు తెగిందని, నేరం దాచడానికి వీడే కుట్టేశాడని పోలీసుల వాదన. సీటు అడుగు విప్పి చూస్తే లోపలి స్పాంజిలో మరక ఉంది గానీ, నీళ్ళు పోసి కడగడం వల్ల అది ఎవరి రక్తమో తేలలేదు. తమ్ముడి ప్లీడరు సీట్లక్కని బోనెక్కించి, సీటు ఫొటో చేతికిచ్చాడు.

"ఈ కుట్టు ఎవరిదమ్మా?"

ఆ బండిలో అతుకు వేసిన సంగతి ఆమెకు గుర్తుంది. వేసింది తనే అని కూడా గుర్తుంది. "నాదే" అంది. "ఆ బండిలో ప్రతి కుట్టూ నాదే. కేసుకి ముందే వేశాను."

తమ్ముడు ఎదుటి బోనులోంచి అక్క వంక చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఉందనుకుంది. జడ్జీ ఆమె మాట నమ్మలేదు. నిందితుడి అక్క, చెప్పక ఏం చేస్తుంది అన్నట్టు రాసుకుని ఉరి వేశాడు. పై కోర్టు సరేనంది. ఆపై కోర్టూ సరేనంది. కేసు ముగిసింది కాబట్టి, మీ బండి మీరు తీసుకెళ్ళండని కబురొచ్చింది. మిగిలిందల్లా క్షమాభిక్ష. ఉరి ఒక్కటి తప్పితే చాలు, ముసలివాడయ్యాకైనా బయటికొస్తాడు, వాడికి అన్నం పెట్టి పోతాను అన్నదే ఆమె ఆశ.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. చనిపోయిన కుర్రాడి తల్లి. పెద్దాస్పత్రిలో నర్సు. ప్రతి వాయిదాకీ వచ్చేది, ఏడ్చేది కాదు, శాపనార్థాలు పెట్టేది కాదు. ఒకరోజు వరండాలో బెంచీలన్నీ నిండిపోయి, ఇద్దరూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోవలసి వచ్చింది. సీట్లక్క మొహం అటు తిప్పుకుంది. నర్సమ్మే నోరు విప్పింది.

"మీ తమ్ముణ్ణి ఒక్క మాట అడిగి చెప్తారా?"

"ఏం మాట?"

"మా వాడు చివరికి ఏమన్నాడో." ఆమె గొంతు వార్డులో మాట్లాడినట్టు తగ్గే ఉంది. "వార్డులో పోయేవాళ్ళ పక్కన నేనుంటానమ్మా. చివరికి ఏమన్నాడని అందరి అమ్మలూ నన్నే అడుగుతారు. నేను చెప్తాను. నా దాకా వచ్చేసరికి చెప్పేవాళ్ళు లేరు. శిక్ష సంగతి జడ్జీలు చూసుకుంటారు. నాకా మాట చాలు."

సీట్లక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మా వాడు మలుపులో దింపేశాడు. చివరి మాట వాడికేం తెలుసు? చంపినవాణ్ణి వెతుక్కుని అడగండి" అని లేచి వెళ్ళిపోయింది. నర్సమ్మ ఆ తర్వాత కూడా వాయిదా వాయిదాకీ అడిగేది. చివరి రోజుల్లో నోటితో అడగడం మానేసి ఊరికే చూసేది. ఆ చూపు సీట్లక్కని ఇంటిదాకా వెంటాడేది.

వ్యాను షెడ్డులోకి వచ్చాక ఆమెకు పని సాగలేదు.

మధ్యాహ్నం రేకులు వేడెక్కితే బండి టకటకమనేది. రేకు సాగుతుంది, చప్పుడు చేస్తుంది, అది తెలియని మనిషా ఆమె? కానీ ఆ చప్పుడు ఎప్పుడూ పక్క సీటు తలుపులోంచే వచ్చేది. లోపల ఎవరో పిడి లాగుతున్నట్టు, తలుపు రానట్టు. ఆ తలుపుతో మొదటినుంచీ తంటానే. బయటినుంచి సులువుగా వస్తుంది. లోపలినుంచి మాత్రం భుజంతో కాస్త పైకెత్తి నెడితేనే వస్తుంది. ఎరగనివాళ్ళు ఎంత లాగినా రాదు. బాగు చేయించరా, బాగు చేయించరా అని ఆమె తమ్ముడి చెవినిల్లు కట్టుకుని పోరేది. వాడు వినిపించుకుంటేగా.

వ్యానుకి వీపు పెట్టి కూర్చుంటే ఎవరో చూస్తున్నట్టుండేది. మిషను తిప్పి, వ్యాను వైపు మొహం పెట్టి కూర్చుంది. అప్పుడు అద్దం మీద ధూళిలో మొహంలాంటిదేదో కనబడేది. తడిగుడ్డతో తుడిచింది. తుడిచాక ఖాళీ సీటు స్పష్టంగా కనబడింది, అది ఇంకా ఘోరంగా ఉంది. ఒకరోజు విసుగెత్తిపోయి, "ఉంటే ఉండు గానీ నా పనికి అడ్డు రాకు" అని పైకే అనేసింది. అన్నాక ఎవరితో అన్నానా అని మిషను ఆపేసింది. మలుపులో దిగిపోయినవాడు ఈ సీట్లో ఎందుకుంటాడు?

ఇలా కాదని ఒక ఉదయం బకెట్టుతో సబ్బునీళ్ళు పెట్టుకుని లోపలికి దిగింది. తమ్ముడు ఎప్పటికైనా నడపాల్సిన బండి, శుభ్రంగా ఉండొద్దూ అని తనకు తనే చెప్పుకుంది. ముందు డ్రైవరు సీటు మొదలుపెట్టింది. రెక్సిన్ మీది మట్టి వదిలేకొద్దీ ఎడమ తుంటి దగ్గర ఒక అతుకు బయటపడింది. ఎడమ జేబులో తాళాలు గుచ్చుకుని చిరిగిన చోటు. కుట్టు ముత్యాల్లా ఉంది. తన కుట్టే. చూడగానే మురిపెంగా వేలితో తడిమింది.

తడుముతూ తడుముతూ ఆగిపోయింది.

ఆ బండిలో తను వేసిన అతుకు ఒకే ఒక్కటి. అది ఇదే. ఇది డ్రైవరు సీటు.

చేతిలో గుడ్డ బకెట్టులో పడేసి పక్క సీటు వైపు జరిగింది. చూడకుండా ముందు చేత్తోనే వెతికింది. కోత దొరికింది, దాని మీద కుట్టు దొరికింది. కుడిచేత్తో ఏటవాలు కుట్టు వేస్తే దారం ఒక వైపుకి వాలుతుంది, ఎడమచేత్తో వేస్తే రెండో వైపుకి. చిన్నప్పుడు తమ్ముడికి నేర్పుతుంటే వాడి కుట్లన్నీ అద్దంలో తన కుట్లలా కనబడేవి. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. సీటు విప్పకుండా అతుకెయ్యాలంటే వంకర సూది కావాలి. అది బండి డబ్బాలో ఒకటి ఉంచుకోమని ఆమే ఇచ్చింది. ఇప్పుడు ఆమె వేలి కింద ఉన్న దారం రెండో వైపుకి వాలి ఉంది.

ఎంతసేపో బండిలో అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్నది అది కాదు. కోర్టులో ఫొటో చేతికిచ్చినప్పుడు దారం వాలు ఆమె చూసింది. చూసింది! కన్ను అక్కడ ఒక్క క్షణం చిక్కుకుంది. ఫొటోలవాళ్ళు తిరగేసి అచ్చు వేసుంటారులే, అప్పుడప్పుడూ అలా జరుగుతుంది అనుకుని, "నాదే" అనేసింది. ఊరందరి సీట్లు చూసి మనుషుల్ని చెప్పే మనిషి, తన చేతి కిందికొచ్చిన కుట్టుని చూడనట్టు నటించింది. పొడి బట్టలు ఆరేసిన పక్కింటావిడకీ తనకూ తేడా ఏమిటి?

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ వానాకాలమే తన రెక్సిన్ కోసే కత్తి కనబడకుండా పోయింది. షెడ్డంతా తలకిందులు చేస్తే తమ్ముడు కొత్త కత్తి కొనుక్కొచ్చి, పాతదానికంటే ఇదే బాగుంటుందక్కా అని చేతిలో పెట్టాడు. బంగారం లాంటి తమ్ముడని పొంగిపోయింది. ఇన్నేళ్ళుగా దాంతోనే కోస్తోంది. ఆ కత్తి ఇప్పుడు బల్ల మీద ఉంది. దాన్ని గుడ్డలో చుట్టి పైన అటక మీద పెట్టేసి, ఆ రోజుకి షెడ్డు మూసేసింది.

క్షమాభిక్ష రాలేదు. ఆఖరిసారి చూసుకోవడానికి రమ్మని జైలునుంచి కబురొచ్చింది.

ములాఖత్ గదిలో ఇనప జాలీకి ఇటు ఒక బల్ల, అటు ఒక బల్ల. జాలీ పెయింటు మనుషుల వేళ్ళు తగిలి తగిలి ఒకే ఎత్తులో లేచిపోయి ఉంది. వార్డరు గోడ వైపు తిరిగి కిటికీ చూస్తూ నిలబడ్డాడు, ఆ మాత్రం మర్యాద ఉన్నవాడే. తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. చిక్కిపోయాడు. జుట్టు పలచబడింది. అయినా ఆమెకు స్పాంజి ముక్కల మీద పడుకున్న పిల్లాడే కనబడ్డాడు.

"తిన్నావా అక్కా?" అన్నాడు.

"తిన్నాన్రా. నువ్వు?"

"పెడుతున్నారు. ఇప్పుడు ఏది అడిగితే అది పెడుతున్నారు." నవ్వబోయి మానేశాడు. "బండి వచ్చిందటగా."

"వచ్చింది."

"అమ్మేసెయ్యక్కా. ఉంచుకోకు." జాలీలో ఎడమచేతి వేళ్ళు దూర్చి అన్నాడు. "లోకమంతా ఏమన్నా నాకు ఫరవాలేదు. నువ్వు నమ్మావు. అది చాలు నాకు. నమ్మావు కదా అక్కా?"

దారంతా ఆమె మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. నమ్మానురా అని చెప్పి పంపేద్దాం, పోయేవాడికి ఆ కాస్త చల్లదనమైనా మిగలనీ అని సగం దారి. అలా చెప్తే ఆ నర్సమ్మ బెంచీ మీద అడిగిన మాట వీడితోపాటే మట్టిలో కలిసిపోతుందని మిగతా సగం దారి. తీరా ఆ వేళ్ళు చూసేసరికి కూర్చుకున్నవన్నీ ఎగిరిపోయాయి.

"పక్క సీటు కుట్టు బాగానే వేశావురా" అంది. "దారం కాస్త వదులుగా లాగావు. చేతులు వణికాయా?"

తమ్ముడి వేళ్ళు జాలీలోంచి జారిపోబోతే ఆమె గట్టిగా పట్టుకుంది. వదలలేదు.

"చెప్పరా. కోప్పడను. నేను కోప్పడాల్సిన రోజుల్లో కోప్పడలేదు, ఇప్పుడేం కోప్పడతాను?"

వాడు నేల చూస్తూనే చెప్పాడు. "తాగున్నానక్కా ఆ రోజు. కొంత దూరం పోయాక వాడు కనిపెట్టాడు. అన్నా, బండి ఆపు, తాగి నడపకు, మా అమ్మ నర్సు, రోజూ ఇలాంటివాళ్ళనే చూస్తుంది అని మొదలుపెట్టాడు. ఎవడ్రా నాకు చెప్పేదని ఒళ్ళు మండింది. బండి ఆపి, అయితే దిగు అన్నాను. దిగలేదు. దిగవా అని నీ కత్తి తీశాను. బెదిరిద్దామనే. వాడు అలా కూర్చునే ఉన్నాడు. మొండికేశాడనుకున్నాను. తలుపు రావట్లేదక్కా. వాడు పిడి లాగుతూనే ఉన్నాడు. తలుపు రావట్లేదు. అది నాకు పొడిచాక తెలిసింది."

సీట్లక్కకి షెడ్డులో మధ్యాహ్నం వినబడే చప్పుడు చెవుల్లో మోగింది.

"ఏమన్నాడు?" అంది. "చివరికి ఏమన్నాడు?"

వాడు చెప్పాడు. ఆమె విన్నది. వార్డరు కూడా విన్నాడు కాబోలు, కిటికీ చూడడం మానేసి బూట్లు చూసుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా? ఆ తల్లి ఎన్నిసార్లు అడిగిందో తెలుసా?"

"చెప్దామనుకున్నాను. ఆ రోజు కోర్టులో నువ్వు బోనెక్కకపోతే చెప్పేసేవాణ్ణే. నువ్వు అందరి ముందూ ఆ కుట్టు నాదే అనేశావు. ఇంక నోరెలా తెరవను? తెరిస్తే నిన్ను అబద్ధాలకోరుని చేసినట్టే కదా."

కాపాడాననుకున్న మాటతోనే వాడి నోరు కుట్టేసింది. వేళ్ళు మాత్రం వదల్లేదు. టైము అయిందని వార్డరు మెల్లగా అన్నప్పుడు, "చేసినవాడివైనా నా తమ్ముడివేరా" అంది. వాడు ఆ వేళ్ళకి నుదురు ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఏడవలేదు, బయట రోడ్డు మీదికొచ్చి గోడ పట్టుకుని ఏడ్చింది.

తెల్లవారుజామున ఉరి తీశారు. ఆమె జైలు గేటు బయట రాతి దిమ్మ మీద కూర్చుంది. లోపల ఏమీ వినబడలేదు. పిట్టలు ఎప్పటిలాగే అరిచాయి, పాల బండి ఎప్పటిలాగే లోపలికి వెళ్ళి ఖాళీగా బయటికొచ్చింది. ఆ తర్వాత వాణ్ణి అప్పగించారు. ఆమెతో పాటు శ్మశానానికి టైర్లాయన ఒక్కడే వచ్చాడు. ఆయన చెవిటివాడే గానీ గుండె చెవిటిది కాదు.

మరి ఆ మాట? తలమీద బరువులా మోస్తూనే తిరిగింది. ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. ఈ గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగిన మొదటి మనిషిని నేను కాదు కదా అని గుర్తొచ్చి, మర్నాడు లోపలికి వెళ్ళింది. దారిలో ఒక అబద్ధం కూడా అల్లుకుంది. నిద్రలోనే పోయాడట, ఏ బాధా తెలియలేదట అని. అంతకంటే మంచి అబద్ధం తట్టలేదు.

వార్డు బయట వరండాలో బెంచీ ఉంది. నర్సమ్మ మందుల పళ్ళెం లోపల పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. కోర్టులో కూర్చున్నట్టే.

"మీరడిగిన మాట తెచ్చాను" అంది సీట్లక్క.

నర్సమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్క సంగతి. నన్ను తలుచుకున్నాడని మాత్రం అల్లి చెప్పకండి. ఆ పని నేను రోజూ చేస్తాను. మాట పడిపోయి పోయినవాళ్ళు కూడా అమ్మా అన్నారనే వాళ్ళ అమ్మలకి చెప్తాను. కాబట్టి ఆ అబద్ధం నా దగ్గర చెల్లదు. ఉన్నదే చెప్పండి, ఎంత చెడ్డదైనా సరే."

సీట్లక్క అల్లుకొచ్చిందంతా ఊడిపోయింది. తాగుడు సంగతి చెప్పింది. తలుపు సంగతి చెప్పింది. చెప్పాల్సిన మాట దగ్గరికొచ్చేసరికి నర్సమ్మ వైపు తిరిగి కూర్చుంది.

"మీరు వద్దన్నదే చెప్పాలమ్మా. ఉన్నది అదే. ఆస్పత్రికి తీసుకెళ్ళన్నా అన్నాడట. మా అమ్మ అక్కడే ఉంటుంది. కుట్లు వేసేస్తుంది. నిన్నేమీ అనదులే, అన్నాడట."

నర్సమ్మ పెదవులు చప్పుడు లేకుండా ఆ ఆఖరి ముక్కని మళ్ళీ అన్నాయి. నిన్నేమీ అనదులే.

"చిన్నప్పుడు ఆటల్లో ఎవడైనా మా వాణ్ణి తోసి మోకాలు పగలగొడితే, వాణ్ణే వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చేవాడు" అంది చివరికి. "దారంతా ఆ తోసినవాడికి ఇదే మాట చెప్పేవాడు. ఈ మాట ఎవరూ అల్లలేరు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది. "మరి ఎందుకు తీసుకురాలేదు?"

"గేటు దాకా వచ్చాడట. దీపాలు చూసి భయమేసి తిప్పేశాడట. అప్పటికి ఇంకా ప్రాణం ఉందట."

"ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాను" అంది నర్సమ్మ. అరవలేదు, తిట్టలేదు. సీట్లక్కకి ఆమె తిడితే బాగుండుననిపించింది. లోపల ఎవరో మూలిగితే లేచి వెళ్ళి, పని చూసుకుని, మళ్ళీ వచ్చి నిలబడింది. "ఆ సీటు ఇంకా ఉందా?"

డ్యూటీ దిగాక తెల్ల చీరలోనే షెడ్డుకొచ్చింది. ఈసారి వీధిలో ఎవరూ నటించలేదు. టైర్లాయన లేచి నిలబడ్డాడు. పక్కింటావిడ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. సీట్లక్క పక్క తలుపు తీసి పట్టుకుంది. నర్సమ్మ ఎక్కి కూర్చుని, తలుపు తనే లాగేసుకుంది.

అద్దంలోంచి సీట్లక్కకి అంతా కనబడుతూనే ఉంది. నర్సమ్మ రెక్సిన్ మీద అరచెయ్యి వేసి నిమిరింది. కుట్టు దొరికింది. సంచీలోంచి చిన్న కత్తెర తీసి, ఒక్కొక్క ముడి కత్తిరించి, దారం ముక్క వేళ్ళ కొసన పట్టి లాగి ఒళ్ళో వేసుకుంది. కుట్లు విప్పడం ఆమెకు రోజూ ఉన్న పనే. చెయ్యి ఒక్కచోట కూడా తొట్రుపడలేదు. కోత నోరు తెరుచుకుంది. లోపల స్పాంజి మట్టిరంగులో ఉంది. ఆమె దాని మీద రెండు వేళ్ళు పెట్టి, నాడి చూస్తున్నట్టు చాలాసేపు ఉండిపోయింది.

తర్వాత దారం ముక్కలన్నీ గుప్పిట్లో పట్టుకుని, దిగబోయి పిడి లాగింది.

తలుపు రాలేదు. మళ్ళీ లాగింది. రాలేదు. చప్పుడు మాత్రం టక్కు టక్కుమంది. నర్సమ్మ తలెత్తి అద్దంలోంచి బయటికి చూసింది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మొహం ఒక్కసారిగా మారిపోయింది. కొడుకు ఏం లాగాడో, ఎంత లాగాడో ఇప్పుడు ఆమె చేతికి తెలిసింది.

సీట్లక్క ఒక్క అంగలో వెళ్ళి బయటి పిడి తిప్పి తలుపు తెరిచింది. రెండు చేతులూ చాచింది.

"దిగండమ్మా" అంది. "నేనున్నాను, దిగండి."